అనుమానముంటే ఎరుపే

“మళ్ళీ ఎరుపేనా? నీకు వేరే రంగు రాదా?” అంటూ పెద్దసారు కాగితాన్ని బల్ల మీదికి విసిరాడు.

అది రోజూ మధ్యాహ్నం ఆ ఆఫీసు నుంచి బయటికి వెళ్ళే విపత్తుల రిపోర్టు. ఎక్కడ భూమి కంపించింది, ఏ కొండ విరిగిపడింది, ఏ అడవి తగలబడింది, ఇవన్నీ పై సగంలో. రేపటిదాకా వానలూ గాలులూ ఎలా ఉంటాయన్నది కింది సగంలో. అక్కడ పసుపు ఉంటే ఇంట్లోనే ఉండి కాస్త కనిపెట్టుకోండని. ఎరుపు ఉంటే ఇల్లు వదిలి మెరక మీదికి పొమ్మని. ఆ రిపోర్టు తయారుచేసేది ఒకావిడ. ఏ కాస్త అనుమానం వచ్చినా ఎరుపే పెడుతుంది కాబట్టి ఆఫీసులో అందరికీ ఆమె ఎర్రక్క.

“మబ్బు వాగు ఎగువకి వచ్చేలా ఉంది సార్. వచ్చిందంటే వాగొడ్డు వీధి మొత్తం మునుగుతుంది,” అంది ఎర్రక్క.

“రాకపోతే?”

“రాకపోతే అందరికీ మంచిదేగా సార్!”

“నాకు కాదు. కిందటి వారం ఎరుపన్నావు, చినుకు లేదు. అంతకుముందూ అంతే. పైవాళ్ళు నాకు గడ్డి పెడుతున్నారు. ఆ వీధి నుంచే ఒకాయన ఫోన్ చేసి మరీ తిడుతున్నాడట కదా? కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? సరే, నీ ఇష్టం. ఈసారి కూడా తప్పితే సంజాయిషీ నువ్వే రాసుకో.”

తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

ఎర్రక్కకి ఒళ్ళు మండిపోయింది. సారు మీద కన్నా ఆ తిట్లాయన మీద. రిపోర్టు అడుగున ఆఫీసు నంబరు వేయడమే పాపమైపోయింది. ఎరుపు పెట్టి వాన రాకపోతే చాలు, మర్నాడు పొద్దున్నే ఆయన గొంతు. “ఏమ్మా, ఆకాశం వైపు ఒక్కసారైనా చూస్తావా, గవ్వలేసి రాస్తావా? మనుషుల్ని చంపుకు తింటున్నావు కదమ్మా!” ఆయాసపడుతూ తిడతాడు, తిడుతూ దగ్గుతాడు. “అసలు ఇక్కడ నా అవస్థ ఏమిటో తెలుసా...” అని మొదలుపెట్టేసరికి ఆమె ఠక్కున పెట్టేసేది. ఎవరి అవస్థలు వాళ్ళకుండవూ? జ్వరంతో ఉన్న కూతుర్ని అత్తగారికి అప్పగించి వచ్చి, కళ్ళు పీక్కుపోయేలా తెర చూసి రాస్తుంటే దక్కేది ఈ తిట్లా?

“మబ్బు ఎటూ తేల్చట్లేదక్కా,” అన్నాడు పక్క బల్ల దగ్గర ఉపగ్రహ చిత్రాలు చూసే కుర్రాఫీసరు. ఆమెకంటే చిన్నవాడు, తమ్ముడనే పిలుస్తుంది. “వాగు మీదికైనా రావచ్చు, పక్కకైనా పోవచ్చు. అనుమానముంటే ఎరుపే అంటావుగా, పెట్టెయ్.”

“అనేదాన్ని. మంచికి పోతే చెడు ఎదురైందని, ఇంకా ఎన్ని మాటలు పడమంటావు? పసుపు. పసుపే పెడతాను. తడిస్తే వాళ్ళే తడుస్తారు.”

“అక్కా, కోపంలో...”

“నువ్వు నోర్ముయ్.”

ఎరుపు తీసేసింది, పసుపు పెట్టింది. రెండోసారి చదవకుండానే పంపేసింది. పంపేశాక కుర్చీలో వెనక్కి వాలి, ‘అమ్మయ్య, పీడా పోయింది’ అనుకుంది. అనుకుందో లేదో, ఫోన్ మోగింది. ఇంకెవరు, ఆయనే.

“అమ్మాయ్, ఇవాళ రిపోర్టు ఇంకా రాలేదేం? నిద్దరోతున్నావా?”

అంతే. ఇన్నాళ్ళూ మింగినవన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి.

“చూడండీ, పెద్దవారని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను! వాన రాకపోతే తిట్టు, రిపోర్టు ఆలస్యమైతే తిట్టు! నేనేమన్నా మీకు బాకీ పడ్డానా? మీ నోటి దెబ్బకే ఇవాళ పసుపు పెట్టాను. సంతోషమా? గడప దాటక్కర్లేదు. హాయిగా కాళ్ళు చాపుకుని పడుకోండి!”

“అక్కా!” తమ్ముడు కుర్చీలోంచి దిగ్గున లేచాడు. “మబ్బు తిరిగింది! నేరుగా వాగు మీదికే...”

“ఉండరా!” అని చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె కసి ఇంకా తీరలేదు. “వినబడిందా పెద్దాయనా? పసుపు! ఇంక నన్ను వదిలెయ్యండి.”

అటువైపు గాలి హోరు. ఆ హోరులోనే పెద్దాయన గట్టిగా ఊపిరి వదిలాడు. తిట్టలేదు.

“బతికించావు తల్లీ! మా ఆవిడ మంచాన పడి చాలా కాలమైంది. నువ్వు ఎరుపన్నప్పుడల్లా దాన్ని వీపునేసుకుని కొండ మీది బడికి ఎక్కిస్తాను. వాన రాకపోతే మళ్ళీ దింపుతాను. వీధిలో ఒక్కడూ కదలడు, నన్ను చూసి నవ్వుతారు. అయినా నీ మాట ఏనాడైనా తీసేశానా? నడుం పడిపోయిన మంటలో నాలుగు మాటలు అనేవాణ్ణి, మనసులో పెట్టుకోకు. ఇవాళ మబ్బు చూసి, నువ్వెలాగూ ఎరుపే అంటావని ముందే బయల్దేరాం.”

ఎర్రక్క తల తిప్పి తెర చూసింది. వాగు ఎగువంతా నల్లగా కమ్ముకుపోయింది.

“బాబాయిగారూ! దిగకండి! ఆగండి, దిగకండి!” అని గొంతు చించుకుని అరిచింది.

“గాలికి ఏమీ వినబడట్లేదమ్మా. కొండ మెట్లు సగం ఎక్కి దీన్ని కూర్చోబెట్టాను. పసుపన్నావుగా, ఇంటికి దింపేస్తాను. ఎత్తుకోవాలంటే రెండు చేతులూ కావాలి, ఫోన్ ఆపేస్తున్నా తల్లీ.”