తంగేడు పుల్లలు

పొద్దు ఇంకా పొడవలేదు. మంచులో జొన్నచేను ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియడం లేదు.

ఆ తెల్లదనంలోంచి ఒక ముసలాయన నడిచొస్తున్నాడు. తొందర లేదు, తడబాటు లేదు. ఒక్కో అడుగూ అచ్చు మునుపటి అడుగంతే. పెదవులు మాత్రం మెల్లగా కదులుతున్నాయి.

బావి దగ్గర బిందె దించిన గుర్వమ్మ, కల గంటున్నట్టే చూస్తూ నిలబడిపోయింది.

ఆయన ఆగాడు. ఎర్ర పేలిక కట్టిన తంగేడు పుల్ల ఒకటి నేలలో గుచ్చాడు. మళ్ళీ నడిచాడు.

పేలిక చూడగానే ఆమె చేనులోకి పరుగెత్తింది.

బాణామతి. పక్కచేను లచ్చయ్య పనే. హద్దురాళ్ళు పీకేసి, గట్టు జరిపి జరిపి, ఇప్పుడు బావి కూడా తనదేనంటున్నాడు. హద్దులు గీసిన ఊరి నక్షా రజాకార్ల గడబిడలో కాలిపోయింది. ఎల్లుండి సర్వేయర్ వచ్చేలోపే మంత్రగాణ్ణి దింపాడన్నమాట. ఆ బావి పోతే ఇద్దరు ఆడపిల్లలతో ఆమె బతుకు బుగ్గే.

"ఎవలు నువ్వు? ఎవలు పంపిన్రు?"

ముసలాయన ఆగమన్నట్టు చెయ్యి చూపి, పెదవులు కదుపుతూనే పోయాడు. మంత్రం కాకపోతే మధ్యలో ఆపడానికేం నొప్పి అనుకుంది.

చివరి పుల్ల గుచ్చి, దగ్గుతూ కూలబడ్డాడు.

"బిడ్డా, పుల్లలు గట్లనే ఉండనీ."

ఆ మాటతో ఆమెకు ఇక సందేహమే లేకపోయింది. నోటికొచ్చినట్టు తిట్టి, కట్టె ఎత్తి తరిమింది. ఆయన ఏదో చెప్పబోయి, దగ్గు తెర ఆగక అట్లాగే మంచులో కలిసిపోయాడు. పుల్లలన్నీ పీకి, కన్నాలు కాలితో పూడ్చి, మంట పెట్టాకగానీ ఆమెకు ఊపిరాడలేదు.

మూడోనాడు సర్వేయర్ వచ్చాడు. చేనంతా తిరిగి పుల్లలేవని అడిగాడు. అడిగితే నోరిప్పని మంత్రగాడు గుచ్చినవని కాల్చేశానని ఆమె గొప్పగానే చెప్పింది.

ఆయన తిట్టలేదు. కొలత గొలుసు మడిచి గట్టుమీద కూర్చున్నాడు.

"గొలుసు ఎంత దూరమైనా కొలుస్తదమ్మా. ఎక్కణ్ణుంచి కొలవాల్నో దానికి తెల్వది. గది చెప్పేటియి ఆ పుల్లలే. ఆ తాత పొలిమేర గుండురాయికాడి నుంచి అడుగులు లెక్కవెట్టుకుంట గుచ్చిండు. లెక్క తప్పుతదని నోరిప్పలే. ఇగ ఉన్న గట్టే హద్దు. బావి నీకు దక్కది."

గుర్వమ్మ ఆయన ముందు కూలబడింది. తప్పయిపోయింది, ఆ తాతను మళ్ళీ పిలిపించు, కాళ్ళు మొక్కుతానని ఏడ్చింది.

సర్వేయర్ చేను వైపే చూస్తూ చెప్పాడు.

ముప్పై ఏళ్ళ కింద ఆ చేలో గొలుసు పట్టి, హద్దురాళ్ళు తన చేత్తో పాతిన కురుమయ్యే ఆ తాత. ఆ జాగలు ఎరిగినవాడు ఊరందరిలో ఆయనొక్కడే మిగిలాడని సర్వేయర్ బతిమాలితే, జడ్చర్ల దవాఖాన మంచం దిగి వచ్చి, తిరిగిపోయిన మర్నాడే కన్నుమూశాడు.