కన్నమ్మ చూపుడువేలు

"ఇటేపు తిప్పు అన్నయ్యా, ఇటేపు!" అని పక్క క్వార్టర్ కన్నమ్మ గుమ్మడికాయకేసి వేలు చూపించింది.

"ఓలమ్మో, ముందా వేలు ముడుసుకో! వేలు సూపితే కాయి కుళ్ళిపోద్ది. వేలు కొరుక్కో, దోసం పోద్ది!" అని పైడమ్మ గోల పెట్టింది.

"నాను కొరుక్కోను ఒదినా. పెబువుని నమ్ముకున్నోళ్ళం, మాకియ్యన్నీ నేవు."

కాయను వాటేసుకుని వంగి ఉన్న గవర్రాజుకి నడుము పట్టేసింది. కిరండూల్ రైల్వే క్వార్టర్లలో ఇంత గుమ్మడికాయ ఎవరూ చూడలేదు. పెరిగేకొద్దీ తొడిమ మెలిబడి తీగను గుంజుతోంది. ఇవాళ కాస్త తిప్పి పెట్టకపోతే పుటుక్కున తెగడం ఖాయం. యార్డులో ఎన్ని వ్యాగన్లు షంటింగ్ చేయించినా, పెళ్ళాం పైడమ్మకీ కన్నమ్మకీ మధ్య ఇలా ఇరుక్కోలేదు.

"ఏదో ఒక ఏపు సెప్పండర్రా!"

"ఆరామ్‌సే అన్నయ్యా, నిమ్మళంగా," అంటూ కన్నమ్మ మళ్ళీ వేలు చాచింది. అతను కాయను బెత్తెడు తిప్పాడు.

టప్!

ముగ్గురూ కొయ్యబారిపోయారు. గవర్రాజు తొడిమ తడిమాడు. గట్టిగానే ఉంది. విరిగింది తన కాలికింది ఎండుపుల్ల. ఆ మాట చెబుదామని తలెత్తాడు.

పైడమ్మ కళ్ళు మూసుకుని దండం పెడుతోంది. కన్నమ్మ కూడా కళ్ళు మూసుకునే ఉంది. ఆమె చూపుడువేలు మాత్రం పళ్ళ మధ్య ఉంది.

"పుల్ల ఇరిగింది, కాయికేటీ కానేదు," అన్నాడు గవర్రాజు, నవ్వు మింగేసి. "ఇంకా తిప్పాలేటి కన్నమ్మా?"

కన్నమ్మ గబుక్కున వేలు కొంగుకి తుడుచుకుంది.

"కూసింత ఇటేపు అన్నయ్యా," అంటూ మోచేత్తో చూపించింది.