పేగులో నీలం నీళ్ళు

మేక పేగును ఉప్పేసి కడిగి, ఒక కొన ముడివేసి, అందులో నీలం నీళ్ళు పోశాడు చాంద్ బాషా. రెండో కొన కూడా బిగించి, మంచినీళ్ళ కుండలోకి వేలాడదీశాడు.

ప్రొద్దుటూరులో పాత వెండి కరిగించి శుద్ధి చేయడం అతని పని. వెండి తీసుకోగా మిగిలే నీలం నీళ్ళలో రాగీ ఉంటుంది, వెండిని కరిగించే పుల్లటి ద్రావకమూ ఉంటుంది. ఇన్నాళ్ళూ అవి వీధి కాలువలోకే పోయాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, ఎండలకు తాళలేక కాలువలో మూతి పెట్టిన అదే వీధి బాలన్న గొర్రెలు వరసగా చచ్చాయి.

వీధి పెద్దలు తేల్చి చెప్పేశారు. ద్రావకం కాలువలో పడకుండా చూసుకో, లేదా కొలిమి ఎత్తుకుని పో.

ఇక చాంద్ బాషా ఆశంతా ఆ పేగు మీదే. రాగి ఆ పొరను దాటదనీ, ద్రావకం దాటుతుందనీ అతని నమ్మకం. కుండలో నీళ్ళు పుల్లబడితే గెలిచినట్టే. ఆ ద్రావకాన్ని మళ్ళీ పనికి వాడుకోవచ్చు. కూడూ గూడూ నిలుస్తాయి.

భార్య మైమూన్‌కు మాత్రం నమ్మకం లేదు. పొద్దున్నే వంటసామాను మూట కట్టేసింది. ఏం వండినా వంక పెట్టని మొగుడు దొరికాడని ఆటపట్టించే ఇరుగమ్మలు ఆ పూట గడప తొక్కలేదు.

మధ్యాహ్నానికి బాలన్న వచ్చాడు, మిగిలిన ఒక్క గొర్రెనూ తాడుతో పట్టుకుని.

“ఏందప్పా, ఏమన్నా తేలిందా?”

“చూస్తాండా మామా.”

పేగులో నీలం అలాగే ఉంది. కుండలో నీళ్ళు తేటగా ఉన్నాయి. అతని పనిలో నాలుకే గీటురాయి. మీసాలు రానప్పటి నుంచీ చేస్తున్నట్టే వేలు ముంచి నాలుక కొసకు రాసుకున్నాడు. మళ్ళీ రాసుకున్నాడు. మొహం పాలిపోయింది.

“ఒట్టి నీళ్ళే మామా. ఏమీ దాటల్యా.”

“ఇంకోతూరి చూడప్పా. నిన్ను ఎళ్ళగొట్టాలని నాకేం లేదు.”

“నా నాలుక యానాడన్నా తప్పు చెప్పిందా?”

లేదన్నట్టు తలూపాడు బాలన్న.

ఒట్టి నీళ్ళే కదా అని చాంద్ బాషా కుండను గొర్రె ముందుకు జరిపాడు. అది మూతి దించి, చప్పున వెనక్కి లాక్కుంది.

“గొర్రె గూడా నన్ను నమ్మదాయె!” అంటూ కుండనెత్తి గోడకేసి కొట్టాడు. పేగు చిరిగి నీలం నేలంతా పారింది.

సామాను ఎత్తే బండి వచ్చేలోపు, మూట కట్టగా మిగిలిన వాటితో మైమూన్ సంగటి, పప్పు చేసి పెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ తిన్నాడు. పాపం, తనవల్ల ఆమె కూడా ఊరు విడుస్తోందని దిగులు.

“ఈ పూట గూడా పులుపు శానా బాగా కుదిరింది మైమూన్,” అన్నాడు ఆమెను ఓదార్చడానికి.

మైమూన్ చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది.

చింతపండు పొద్దున కట్టిన మూటలోనే ఉండిపోయింది, ఆ పప్పులో పులుపన్నదే లేదు.