చోటుకి చిన్నదైన ఫోటో

టర్కీలోని గోజెక్ రేవులో యాట్ ఎక్కగానే రుష్తూ బే చేసిన మొదటి పని, హాలు గోడకి తన ఫోటో తగిలించడం.

అంతకుముందు అక్కడ అసలు ఓనరు ఫోటో ఉండేది. యాట్‌ని అద్దెకిచ్చినప్పుడల్లా దాన్ని తీసేయడం వాళ్ల రివాజు. అద్దెకొచ్చినవాళ్లకి ఓనరు పేరు గానీ ముఖం గానీ తెలియకూడదు. కెప్టెన్ జెవ్‌దెత్ ముందే దాన్ని గుడ్డలో చుట్టి తన గదిలో దాచేశాడు. గోడమీద తెల్లటి మచ్చ మాత్రం మిగిలింది. రుష్తూ బే కుటుంబం ఫోటో ఆ చోటుకి కాస్త చిన్నదైంది. చుట్టూ బెత్తెడు మేర మచ్చ కనబడుతూనే ఉంది.

"మూడు రోజులు ఈ యాట్ నాదే. వచ్చేవాళ్ల ముందు నన్ను ఓనరుగారూ అనాలి, తెలిసిందా?"

కెప్టెన్ తలూపాడు. ఇలాంటివాళ్లని అతను చాలామందిని చూశాడు.

రుష్తూ బేకి దెనిజ్లిలో తువ్వాళ్ల కొట్టుంది. కూతురు షెబ్నెమ్‌ని పెళ్లికి అడగడానికి వస్తున్నవాళ్లది ఇస్తాంబుల్‌లో సముద్రం ఒడ్డున పెద్ద ఇల్లని విన్నాడు. కొట్టువాడి కూతురని చులకన చేస్తారేమోనన్న భయంతో, "మా యాట్‌కే వచ్చేయండి" అని కబురు పెట్టేశాడు. ఆ అబ్బాయంటే షెబ్నెమ్‌కి ప్రాణం. ఈ సంబంధం చెడితే కూతురి మొహం చూడలేడు.

తీరా ఆ పెద్దింటివాళ్లు రేవు వెంట నడిచొచ్చారు. అబ్బాయి కెనాన్, అతని తండ్రి ముజఫర్ బే. తల్లి పోయి చాలా కాలమైంది. ముజఫర్ బేది వెలిసిపోయిన చొక్కా, భుజాన గుడ్డ సంచీ. అరిగిన బూట్లు గట్టుమీదే విప్పేసి ఎక్కాడు. ఆయన్ని చూడగానే కెప్టెన్ చేతిలోని తాడు జారి నీళ్లలో పడింది.

కెనాన్ యాట్ వంక చూసి ఏదో అనబోయాడు. తండ్రి దగ్గాడు. అబ్బాయి నోరు మూసుకున్నాడు.

అక్కడే రుష్తూ బేకి మొదటి అనుమానం తగిలింది.

రెండో రోజుకి అది ముదిరింది. ముజఫర్ బే కుదురుగా కూర్చునే రకం కాదు. చెక్కల్ని వేళ్లతో తట్టి చూశాడు. ఇంజను గదిలోకి దిగి అరగంట ఉన్నాడు. రంగు వేసి ఎన్నాళ్లయిందని పనివాళ్లని అడిగాడు. మధ్యాహ్నం పైన చేపల విందు సిద్ధంగా ఉంటే, కింద వంటగదిలో వాళ్లతో కలిసి చిక్కుడు గింజల కూర తిని వచ్చాడు.

రుష్తూ బే భార్యని పక్కకి లాగాడు.

"నెర్మిన్, వీళ్ల సంగతి నాకు అర్థమైంది. పెద్దిల్లూ లేదు, పాడూ లేదు. ఆ ముసలాయన మన యాట్‌కి వెల కడుతున్నాడు. దీనిమీద కన్నేశాడు!"

"ఏ యాట్‌మీదండీ? రేపు సాయంత్రం తిరిగి అప్పజెప్పాల్సినదాని మీదా?"

"నవ్వకు. అబద్ధాలాడి పిల్లని ఎగరేసుకుపోదామని చూస్తున్నారు."

"అబద్ధాల గురించి మీరు మాట్లాడకండి. పైన గోడ వింటుంది."

ఆ గోడ ముందే సాయంత్రం ముజఫర్ బే చాలాసేపు నిలబడ్డాడు.

"రుష్తూ బే, ఫోటో బాగుంది. చోటుకే కాస్త చిన్నదైనట్టుంది."

రుష్తూ బే చప్పున ఫోటోకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "పెద్దది కట్టించడానికి ఇచ్చాం," అని బొంకాడు. ఎవరో చెప్పేశారు! కెప్టెనే అయ్యుంటాడు. తెలిసికూడా ఈ ముసలాయన నోరు మెదపడం లేదంటే దీన్ని అడ్డంపెట్టుకుని ఏం గుంజాలని చూస్తున్నాడు?

మూడో రోజు మధ్యాహ్నం షెబ్నెమ్ కాఫీ తెచ్చింది. ఆచారం ప్రకారం కెనాన్ కప్పులో పంచదారకి బదులు ఉప్పు వేసింది. మొహం చిట్లించకుండా తాగితే మొగుడిగా పనికొస్తాడని లెక్క. కెనాన్ గుటుక్కున తాగేసి, ఇంకో కప్పు ఉందా అని అడిగాడు. షెబ్నెమ్ నవ్వు ఆపుకోలేకపోయింది.

కూతురి నవ్వు చూసి రుష్తూ బే గుండె కలుక్కుమంది. ఇంత ఆశ పెట్టుకున్న పిల్లని మోసగాళ్ల చేతిలో పెట్టడమా? తేల్చేయాలి, ఇప్పుడే.

"ముజఫర్ బే, మీరు అడగబోయే ముందు ఒక మాట. ఈ యాట్ అమ్మేస్తున్నాను. కాబట్టి పెళ్లయ్యాక ఇది పిల్లలకి రాదు."

ఉప్పు కాఫీకి చలించని కెనాన్‌కి ఈ మాటకి పొలమారింది. ముజఫర్ బే గడ్డం నిమురుకున్నాడు.

"నాకు చెప్పకుండా మాత్రం అమ్మకండి."

దొరికాడు! రుష్తూ బే సర్రున లేవబోయాడు. ఈలోగా ముజఫర్ బే కప్పు పక్కన పెట్టి, రెండు చేతులూ మోకాళ్లమీద ఆనించాడు.

"యాట్ ఉంటే ఎంత, పోతే ఎంత? కూతురి పరువు కోసం మీరెంత పాట్లు పడుతున్నారో మూడు రోజులుగా చూస్తున్నాను. నాకది చాలు. అల్లా ఆజ్ఞతో, ప్రవక్త మాటతో, మీ అమ్మాయిని మా అబ్బాయికి ఇమ్మని అడుగుతున్నాను బావగారూ."

రుష్తూ బే కళ్లు తడిశాయి. ఇంతమంచి మనిషినా తను దొంగ అనుకున్నది? ఇచ్చానన్నట్టు గబగబా తలూపాడు.

సాయంత్రం యాట్ రేవు చేరింది. తండ్రీ కొడుకులు దిగి వెళ్లిపోయారు. రుష్తూ బే గోడమీది తన ఫోటో తీసి సంచీలో పెట్టుకున్నాడు. కెప్టెన్ తన గదిలోంచి గుడ్డ చుట్టిన ఫోటో తెచ్చి, అదే మేకుకి తగిలించాడు. తెల్ల మచ్చ పూర్తిగా మూసుకుపోయింది.

"కెప్టెన్, ఆ ఓనరెవరో గానీ, నా సలాములు చెప్పు. ఆయన పుణ్యాన మా అమ్మాయి పెళ్లి కుదిరింది."

"మీరే చెప్పండి సార్," అంటూ కెప్టెన్ గుడ్డ లాగేశాడు.

ఫోటోలో, వెలిసిపోయిన చొక్కాతో ముజఫర్ బే నవ్వుతున్నాడు.