వట్టిపోయిన గేదె

రావులమ్మ పెరట్లోని గేదె వట్టిపోయింది. మేత తింటోంది గానీ చుక్క పాలు ఇవ్వడం లేదు. వచ్చే సంతలో దాన్ని అమ్మేస్తారని కోడిపుంజు కబురు తెచ్చింది. వట్టిపోయిన గేదెను కొనేది కబేళావాళ్లే. గేదెకు మేత సయించలేదు.

వంటింటి గుమ్మం దగ్గరున్న గ్యాస్ సిలిండర్ నవ్వింది. "నా ధర రాజధానిలో పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు. నీ ధర సంతలో బేరగాడు తోక పట్టుకుని చెబుతాడు."

సంత రాకముందే సిలిండర్ ధర పెరిగింది, రాయితీ ఆగిపోయింది. రావులమ్మ ఆలోచించింది. గేదె పాలు మానింది గానీ పేడ వెయ్యడం మానలేదు. ఆమె సంత ప్రయాణం మానుకుని, పెరట్లో చిన్న గోబర్ గ్యాస్ తొట్టి కట్టించింది. కొన్నాళ్లకు పేడ గ్యాస్‌తో పొయ్యి నీలంగా వెలిగింది. గేదెను అమ్మే మాట ఆ ఇంట్లో మళ్లీ వినబడలేదు.

గేదె సిలిండర్ వైపు తిరిగింది. "నీ ధర పెరగబట్టే బతికానన్నా! పెంచిన ఆ పెద్దలు చల్లగా ఉండాలి."

"వాళ్లు నీ కోసం పెంచారనుకున్నావా, పిచ్చి గేదక్కా?" అంది పుంజు.

"మేలు చేసినట్టు వాళ్లకు తెలియదు తమ్ముడూ. పొందిన నాకు తెలుసు కదా" అని గేదె నింపాదిగా నెమరు వేసింది.