తొందరగా వచ్చిన ఫైరింజను

"దారికి అడ్డంగా ఉన్న బండ్లు ఎవరూ తియ్యకండి. రోజూ ఎలా ఉంటుందో ఇవాళా అలాగే ఉండాలి," అని టైలరమ్మ పొద్దున్నే ఇంటింటికీ ఫోన్ చేసి చెప్పింది.

అలా చెప్పడానికి కారణం ఉంది. పోయినసారి ఎవరో పెద్దమనిషి చూడ్డానికొస్తున్నాడంటే పేట పేటంతా చీపుళ్లు పట్టుకుంది. తోపుడు బండ్లు మాయం. తీగల మీది బట్టలు మాయం. వచ్చినాయన, ఇంత మంచి వీధులకి ఇంకేం లోటని మెచ్చుకుని వెళ్లిపోయాడు. మర్యాదకి పోతే మొదటికే మోసం వచ్చింది.

ఈసారి వచ్చేది ఫైర్ ఆఫీసరు. కొత్తగా ఒక రెస్క్యూ యూనిట్ మంజూరైంది. ఇరుకు సందుల్లో పట్టే చిన్న బండి, పొడుగు నిచ్చెనలు, ఇనుము కోసే మిషన్లు, పగలూ రాత్రీ అక్కడే ఉండే మనుషులు. దాన్ని ఈ పేటకివ్వాలో, వంతెన అవతలి కొత్త కాలనీకివ్వాలో ఇవాళ ఆయన తేల్చేస్తాడు.

టైలరమ్మది పట్టుదల అనుకుంటారు గానీ, నిజానికది భయం. కిందటేడు పక్క సందులో వడ్రంగి కొట్టు అంటుకుంది. ఫైరింజను మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది. వాళ్లు గొట్టాలు మోసుకుంటూ వచ్చేసరికి నీళ్లు పొయ్యడానికి బూడిదే మిగిలింది. పైగదిలో ఉన్న వడ్రంగి భార్యని ఎవరూ దించలేకపోయారు. ఆమె కేకలు టైలరమ్మ చెవుల్లోంచి ఇంకా పోలేదు. ఈ పేటలో మేడలన్నీ ఒకదాని భుజం మీద ఒకటి ఒరిగి నిలబడ్డవే.

ఆమె బయల్దేరుతుంటే అత్తగారు అద్దం ముందు నుంచి కేకేసింది.

"నేనొచ్చేదాకా ఆ ఆఫీసర్ని కదలనివ్వకు. నాలుగు మాటలు నేనూ అడగాలి."

"మీ నాలుగు మాటలు అయ్యేసరికి సాయంత్రమవుతుంది అత్తయ్యా. త్వరగా రండి."

"చీర మార్చుకుని నీ వెనకే వస్తున్నా, పో."

ఆఫీసరు వస్తానన్న పేట మైదానంలో చీమ దూరే సందు లేదు. ఇళ్లకి తాళాలేసి మరీ వచ్చారు జనం. ఆఫీసరు మాత్రం చెప్పిన టైముకి రాలేదు. ఎండ ముదిరింది. దూరంగా ఎక్కడో సైరన్ మోగి ఆగింది.

"ఆఫీసరుగారి ఊరేగింపు మొదలైనట్టుంది," అన్నాడు పంక్చర్ల మేస్త్రీ. అందరూ నవ్వారు.

టైలరమ్మ నవ్వుతూనే వెనక్కి తిరిగి చూసింది. ఎక్కడ నలుగురు చేరినా ఐదో మనిషి అత్తగారే. అలాంటిది ఇంకా జాడ లేదు. ఏ చీర కట్టాలో తేలలేదు కాబోలు. అడుగుదామంటే, పొద్దుటి నుంచీ వాగించీ వాగించీ ఫోన్ కాస్తా చచ్చి ఊరుకుంది.

చివరికి ఆఫీసరు జీపు వచ్చింది. టైలరమ్మ చెప్పిందంతా ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అన్ని పేటల వాళ్లూ ఇలాగే చెబుతారమ్మా. మాటలెందుకు, కళ్లారా చూద్దాం. మైదానం దగ్గర మంటలని మీలో ఒకరు స్టేషనుకి ఫోన్ చెయ్యండి. నేనున్న సంగతి చెప్పొద్దు."

పంక్చర్ల మేస్త్రీ ఎంత బాగా కంగారుపడుతూ ఫోన్ చేశాడంటే, పక్కనున్న ముసలాయన నిజంగానే నీళ్ల బకెట్టు కోసం వెతికాడు.

టైలరమ్మ ఆఫీసరుకి టీ తెప్పించింది. "తాగండి సార్. బండి వచ్చేలోపు మీకు భోజనం కూడా ఇక్కడే పెట్టాల్సొస్తుంది."

ఫైరింజను ఆలస్యంగా రావాలని దేవుడికి మొక్కుకోవడం ఆమెకి జన్మలో ఇదే మొదటిసారి.

ఆఫీసరు రెండు గుక్కలు తాగాడో లేదో, సైరన్ మోగింది.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మైదానం మూల మలుపులో ఎర్రబండి ముందుభాగం కనిపించింది. అడ్డంగా ఉన్న తోపుడు బండ్ల ముందు ఆగి, ఒకటే హారన్. ఆఫీసరు గ్లాసు కింద పెట్టాడు.

"చూశారుగా? టీ చల్లారలేదు, బండి వచ్చేసింది."

"ఇవాళేదో పొరపాటున వచ్చింది సార్! రోజూ ఇలా ఉండదు," అంది టైలరమ్మ. తన మాట తనకే సిగ్గనిపించింది.

"ఉన్న స్టేషన్ మీకు చాలమ్మా. ఆ యూనిట్ అవతలి కాలనీ వాళ్లకే ఇస్తున్నాం."

జీపు రెండో వైపు నుంచి వెళ్లిపోయింది. ఎవరో టైలరమ్మ భుజం మీద చెయ్యి వేశారు. ఆమె దాన్ని విదిలించుకుంది. ఇన్నాళ్లు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగిందంతా రెండు గుక్కల టీతో గంగలో కలిసిపోయింది. ఏడుపొచ్చింది. దాని వెనకే కోపం వచ్చింది.

ఫైరింజను డ్రైవరు బండి దిగి జనంలోకి పరిగెత్తుకొస్తున్నాడు. ఒళ్లంతా చెమట. ఆమె ఎదురెళ్లింది.

"ఏమయ్యా, ఇవాళే పుట్టుకొచ్చాయా నీకు రెక్కలు? మనుషులు కాలిపోతుంటే రాలేనివాడివి, ఉత్తుత్తి ఫోనుకి ఊడిపడ్డావే! ఈ ఒక్కరోజు ఆలస్యంగా వస్తే నీ సొమ్మేం పోయేది?"

అతను రొప్పుతూ ఆమెని దాటి జనం వైపు చూశాడు.

"మీ ఉత్తుత్తి ఫోను సంగతి మాకు తెలీదమ్మా, మెట్లు కూలి కింద ఇరుక్కుపోయానని ఓ పెద్దావిడ గంట కిందట చేసిన ఫోనుకి బయల్దేరి ఇప్పటిదాకా ఈ సందుల్లోనే తిరుగుతున్నాం, ఇల్లు దొరక్కపోతే మైదానంలో మా కోడల్ని అడగండి అంది, ఎవరండీ ఇక్కడ టైలరమ్మ?"