గోడ మీద ఒక పేరు

యూదుల షవువోత్ పండగ ఇంకో పావుగంటలో మొదలవుతుందనగా ఒక ముసలాయన సినగాగ్‌లోకి వచ్చి, గోడకు కట్టిన పచ్చకొమ్మల్ని లాగడం మొదలుపెట్టాడు.

ఫైవిష్‌కు ఒళ్లు మండింది. జెరూసలేంకు వలసొచ్చిన లిష్నిత్స్ ఊరివాళ్లు కట్టుకున్న ఆ చిన్న ప్రార్థనా మందిరానికి కాపలా, ఊడ్పు, అలంకారం అన్నీ అతనే.

"ఏం పనయ్యా అది? తెల్లారకముందు నుంచీ నడుం పడిపోయేలా కట్టాను."

కొమ్మల వెనక పాలరాతి పలక ఉంది. యుద్ధంలో లిష్నిత్స్‌లో చిక్కుకుపోయిన మూడు వందల పన్నెండు మంది పేర్లు. ఒక్కరూ మిగల్లేదని అందరికీ తెలుసు.

అందులో ఫైవిష్ చెల్లెలు గీతెల్ ఉంది. ఆమె ఎలా పోయిందో చెప్పే మనిషి కోసం అతను ఎనిమిదేళ్లు, వచ్చిన ప్రతి ఓడకూ ఎదురెళ్లాడు. తర్వాత మానేశాడు.

ముసలాయన ఆకుల సందులోంచి చాలాసేపు చదివాడు.

"ఇందులో ఒక పేరు తప్పు. రేపు మృతుల ప్రార్థనలో అది చదవొద్దని చెప్పవా?"

"ఇప్పుడా? పండగొచ్చేస్తోంది, పండగపూట పేరు కొట్టెయ్యడానికైనా కలం పట్టకూడదు. పండగయ్యాక రా."

"పండగయ్యాక నా ఓడ."

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

ఏ పేరని ఫైవిష్ అడగలేదు. ముసలాయన లాగిన కొమ్మను తనే తిరిగి కట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు మూడు వందల పన్నెండు పేర్లూ చదివారు. ముసలాయన తలుపు దగ్గర నిలబడి చివరిదాకా విన్నాడు. గీతెల్ పేరు వచ్చినా ఫైవిష్‌కు ఏడుపు రాలేదు. అది రావడం మానేసి ఏళ్లయింది.

ఆ మర్నాడు కొమ్మలు తీస్తుంటే మాత్రం అతనికి మనసొప్పలేదు. పాపం, పేరేదో కనుక్కుందామని మధ్యాహ్నం, పైనుంచి వచ్చినవాళ్లు దిగే పక్కవీధి సత్రానికి వెళ్లాడు.

ఆయన పొద్దున్నే హైఫా బస్సెక్కాడని, ఓడ ఈపాటికి కదిలే ఉంటుందని చెప్పింది సత్రం ఆవిడ. ఆయనెవరంటే దిగినవాళ్ల పేర్ల పుస్తకం ఇటు తిప్పింది.

హెనఖ్ మెల్నిక్. పుట్టిన ఊరు లిష్నిత్స్.

ఫైవిష్ ఆ మనిషిని ఎన్నడూ చూడలేదు. తను ఊరు వదిలాక జరిగిన పెళ్లి గురించి చెల్లెలు రాసిన ఉత్తరంలో చూసి, గీతెల్ పక్కన ఆమె మొగుడి పేరుగా ఆ పేరునే పలక మీద చెక్కించింది తనే.